మరీ శుభ్రమైన నీళ్ళు

మా అక్క యాభై దాటాక పెళ్ళి చేసుకుంది. చేసుకుంటే చేసుకుంది, అది నాకు చెప్పిన తీరు చూడండి. పొద్దున్నే పనికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. వెనకనుంచి, వచ్చేటప్పుడు సబ్బు తెమ్మని చెప్పినంత మామూలుగా, "ఏమే, నేను ఆయన్ని చేసుకుందామనుకుంటున్నానే," అంది.

"ఏ ఆయన్ని?"

"బస్సాయన్ని."

మా వీధిలోంచి వెళ్ళే బస్సు నడిపే మనిషి. భార్య పోయి చాలాకాలమైందట. అక్క కుట్టు పనికి వెళ్ళేది ఆ బస్సులోనే. బస్సు ఎంత ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనక సీట్లోనే ఎందుకు కూర్చుంటుందో నాకు ఏనాడూ అనుమానం రాలేదు. పనిలో నీళ్ళ రంగులో ఆవగింజంత తేడా వస్తే కనిపెట్టేదాన్ని, ఇంట్లో ఇంత జరుగుతుంటే కనిపెట్టలేకపోయాను.

"నీకు గానీ మతి పోయిందా?" అన్నాను.

"పోలేదే. ఇన్నాళ్ళకి వచ్చినట్టుంది," అని నవ్వింది.

ఆ నవ్వుతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే ఇన్నేళ్ళూ మతిలేకే నాతో కలిసి ఉందన్నమాట. అమ్మా నాన్నా పోయిన దగ్గర్నుంచీ ఆ రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే. నాకు సంబంధాలు రాకపోలేదు, వచ్చినవాళ్ళు నా నోటి ముందు నిలవలేకపోయారు. అక్కకి నోరు లేదు. వచ్చిన ప్రతి సంబంధాన్నీ ఏదో ఒక వంకతో తిప్పి పంపేసింది. నన్ను ఒంటరిగా వదిలి వెళ్ళడం ఇష్టంలేకనే అని నేననుకుంటూ వచ్చాను. ఆ నమ్మకం మీదే నిశ్చింతగా ముసలిదాన్నవుతున్నాను. ఇప్పుడు చూస్తే తనకి సరైన బస్సు రాక ఆగిందంతే.

పెళ్ళంటే సంతకాల పెళ్ళి. రమ్మని బతిమాలింది. పని ఉందన్నాను. పని ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అది అబద్ధం కాదు.

తను వెళ్ళిపోయాక ఇల్లు కడిగాను. మామూలు కడగడం కాదు. అక్క చీరలు, కళ్ళద్దాల డబ్బా, గుండీల సీసాలు, మంచం కింద మూటకట్టిన గుడ్డ పీలికలు, కిటికీ ఊచకి తగిలించిన తలపిన్నులు, అన్నీ అట్టపెట్టెల్లో సర్ది ఓ చిన్న వ్యానులో వాళ్ళింటికి పంపించేశాను. పెట్టెల మీద ఒక్క మాట కూడా రాయలేదు. తర్వాత నేల తోమాను, అలమరలు తోమాను, తలుపుల వెనక తోమాను. తన వాసన ఎక్కడా ఉండకూడదు. ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదు. మంచం పక్క గోడమీద, ఏళ్ళ తరబడి తల ఆనించి కూర్చున్న చోట, నూనె మరక. సబ్బు పెట్టి రుద్దినకొద్దీ అది ఇంకా నున్నగా మెరిసింది. సున్నం వేసే మనిషికి ఫోన్ చేశాను. ఈ నెల తీరిక లేదు, వచ్చే నెల వస్తానన్నాడు.

రోజూ సాయంత్రం అక్క ఫోన్ చేసేది. మోగి మోగి ఊరుకునేది. నేను ఎదురుగా కూర్చుని దాన్ని చూస్తూ ఉండేదాన్ని.

బస్సెక్కడం కూడా మానేశాను. పనికి నడిచే వెళ్ళేదాన్ని, నడిచే వచ్చేదాన్ని. ఆ బస్సాయన నన్ను చూడగానే బస్సు నెమ్మది చేసి, పక్కకి తీసుకొచ్చి, తలుపు తెరిచేవాడు. "ఎక్కండమ్మా," అనేవాడు. మొదటిరోజు "నాకు కాళ్ళున్నాయి" అన్నాను. ఆ తర్వాత అదీ అనలేదు. ఆయన కాసేపు నాతోపాటు నెమ్మదిగా నడిపి, లోపల జనం గొణుక్కోవడం మొదలుపెట్టాక తలుపు వేసుకుని వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ అదే. సిగ్గులేని మనిషి అనుకునేదాన్ని.

నేను పనిచేసేది నాచు పెంచే చోట. బయటివాళ్ళు పాచి కంపెనీ అంటారు. "పాచి వదిలించుకోవడానికి మేం చస్తుంటే, మీరు జీతాలిచ్చి పెంచుతారా?" అని వేళాకోళం చేస్తారు. పెంచుతాం. మోకాలి లోతు కుంటలు, పొడుగ్గా, చివర్లు గుండ్రంగా, వరసలు వరసలుగా ఉంటాయి. ప్రతి కుంటలో ఒక తెడ్ల చక్రం ఆగకుండా తిరుగుతూ నీళ్ళని తోస్తుంటుంది. కంటికి కనిపించనంత చిన్న నాచు ఆ నీళ్ళలో ఎండ తాగి పెరిగి, నీళ్ళనే పచ్చగా మార్చేస్తుంది. చిక్కబడ్డాక కుంట నీళ్ళు కోత గదికి పోతాయి. అక్కడో పెద్దాయన పాలలోంచి మీగడ తీసినట్టు మిషను గిరగిరా తిప్పి పచ్చటి ముద్ద తీస్తాడు. అందుకని ఆయన్ని అందరూ మీగడ బాబాయ్ అంటారు. ముద్ద ఎండి పొడై, చేపల మేతలోకీ మందు బిళ్ళల్లోకీ వెళుతుంది.

మిగిలిన నీళ్ళు నా దగ్గరికొస్తాయి. వాటిని తిరుగు నీళ్ళంటాం. లేత పసుపు రంగులో, కాస్త నురగతో, తడి మట్టి వాసనేస్తూ వస్తాయి. పారబోస్తే అన్ని కుంటలకీ సరిపడా కొత్త నీళ్ళు ఎక్కడినుంచి తేవాలి? పైగా నాచు తినగా మిగిలిన ఎరువు కూడా పోతుంది. అందుకని నా గదిలో వాటిని బాగుచేస్తాం. మొదట గుడ్డ సంచుల్లోంచి పోనిస్తే చెత్తా, నాచుని మేసే పురుగులూ ఆగిపోతాయి. తర్వాత బొగ్గు ట్యాంకు రంగునీ వాసననీ పీల్చుకుంటుంది. చివర్లో లైటు గొట్టం, అందులో వెలిగే దీపం మిగిలిన సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఆపైన తగ్గిన ఎరువు కలిపి మళ్ళీ కుంటలోకి వదులుతాను. నన్ను అందరూ నీళ్ళక్క అంటారు. ఆఫీసులో మేనేజరుగారి దగ్గర్నుంచి గేటు మనిషి దాకా నేను అక్కనే. ఇంతమందికి అక్కని, చెల్లెల్ని మాత్రం ఒక్కరికే. ఆ ఒక్కరూ పెట్టెలతో సహా వెళ్ళిపోయారు.

నీళ్ళ గది కుంటలన్నీ దాటాక చివర్లో ఉంటుంది. పంపుల చప్పుడులో మనిషి మాట సరిగా వినిపించదు కాబట్టి ఎవరూ రారు. గోడకి ఒక ఫోను ఉంది, అందులో మీగడ బాబాయ్ "పంపిస్తున్నానే" అంటాడు, నేను "పంపించు" అంటాను. చాలా రోజులు నేను నోరు తెరిచి మాట్లాడేది ఆ ఒక్క మాటే. ఇదివరకు ఆ ఏకాంతం నాకు హాయిగా ఉండేది, ఎందుకంటే సాయంత్రం ఇంట్లో అక్క ఉండేది. రోజంతా దాచుకున్న తిట్లన్నీ తన ముందు కుమ్మరించేదాన్ని. తను దారం కొరుకుతూ "ఊఁ" కొట్టేది.

అక్క వెళ్ళాక చేతులు ఊరికే ఉండనివ్వలేదు నన్ను. నీళ్ళని బొగ్గు ట్యాంకులో ఒకసారి తిప్పేదాన్ని రెండుసార్లు తిప్పడం మొదలుపెట్టాను. బొగ్గు పాతబడకముందే మార్చాను. లైటు గొట్టంలోంచి నీళ్ళు నెమ్మదిగా వెళ్ళేలా వాల్వు బిగించాను. నీళ్ళు గ్లాసులో పోస్తే అద్దంలా మెరిసేవి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా ఉండేది కాదు. ఇంత శుభ్రమైన తిరుగు నీళ్ళు ఈ కంపెనీ పుట్టాక ఎవరూ చేసి ఉండరని నాకు గర్వంగా ఉండేది. మెచ్చుకోవడానికి ఎవరూ లేరు, అది వేరే సంగతి.

అప్పుడే కుంటలు పలచబడటం మొదలైంది.

మేనేజరుగారు నన్ను ఆఫీసుకి పిలిపించారు. ఆయన మంచివాడే, కానీ చెడ్డ కబురు చెప్పాల్సొచ్చినప్పుడు బల్ల మీది కాగితాల్ని సర్దుతూ కూర్చుంటారు. ఆరోజు చాలాసేపు సర్దారు.

"చూడు నీళ్ళక్కా, తిరుగు నీళ్ళు పోసిన కుంటలు సరిగా ఎదగడం లేదు. తిప్పీ తిప్పీ ఆ నీళ్ళు ముసలివైపోయాయేమో. నాచు వదిలే చెడు అందులో పేరుకుంటుందని చదివాను."

"నా దగ్గర్నుంచి వెళ్ళే నీళ్ళలో చెడు ఉండదండీ. తాగమంటే తాగుతాను."

"నువ్వు తాగితే ఏం లాభం, నాచు తాగాలి గానీ." ఆయనే నవ్వి, నేను నవ్వకపోయేసరికి మళ్ళీ కాగితాలు సర్దారు. "ఒక పని చేద్దాం. నీ గది పక్కన కుంటని పూర్తిగా నీ తిరుగు నీళ్ళతోనే నింపు. దాని పక్కదాన్ని కొత్త నీళ్ళతో నింపుతాం. కోతనాటికి నీది దానికి సరితూగితే సరే. లేకపోతే నీళ్ళ గది మూసేద్దాం. తిరుగు నీళ్ళు కాలవలోకి వదిలేసి, కుంటలు తగ్గించుకుని, కొత్త నీళ్ళతోనే నడుపుకుందాం."

"మరి నేను?"

"నీకేం, ప్యాకింగులోకి వచ్చేయ్. అక్కడ నలుగురూ ఉంటారు, కాలక్షేపం."

నలుగురిలో ఒంటరిగా ఉండటం నాకు చేతకాదని ఆయనకెలా చెప్పను? నీళ్ళు నమిలి బయటికొచ్చాను. ప్యాకింగు గదిలో పాటలు పెట్టుకుని, పిల్లల సంగతులూ మొగుళ్ళ సంగతులూ చెప్పుకుంటూ డబ్బాలకి మూతలు బిగిస్తారు. వాళ్ళ మధ్య కూర్చుని నేనేం చెప్పుకోను? ఇంట్లో మనిషి పోయాక నాకంటూ మిగిలింది ఆ చప్పుడు గదే. అది కూడా పోతే, పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

కుంట నింపాను. కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాశాను. నాచు వాడిపోతే బొగ్గు మార్చాను. మళ్ళీ వాడిపోతే మళ్ళీ మార్చాను. రెండుసార్లు చాలదని మూడోసారి కూడా తిప్పాను. పక్క కుంట రోజురోజుకీ ముదురాకు రంగుకి తిరుగుతోంది. నాది వెలిసిపోయిన చీర రంగులో, అడుగున పరిచిన ప్లాస్టిక్కు కనిపించేంత పలచగా ఉంది. తెడ్ల చక్రం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

"ఏమే, నీ నీళ్ళకి జబ్బు చేసిందట కదా?" అని ఫోనులో అడిగాడు బాబాయ్.

"నీ మీగడకి జబ్బు చెయ్యకుండా చూసుకో," అన్నాను.

"నా మీద అరిస్తే పచ్చబడుతుందా? పడుతుందంటే అరుచుకో, వింటా."

ఫోను పెట్టేశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. ఫోను మోగే వేళ అయింది. మోగలేదు. ఈమధ్య రోజు విడిచి రోజు మోగుతోంది, సరే అనుకున్నాను. మర్నాడూ మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. ఎన్నాళ్ళని గోడతో మాట్లాడుతుంది మనిషి? నేను కోరుకున్నదీ అదే. అయినా ఫోను చెడిపోయిందేమోనని తీసి చూశాను. నిక్షేపంలా ఉంది. శుభ్రంగా తోమిన ఆ ఇంట్లో నా గ్లాసు ఒక్కటి, నా కంచం ఒక్కటి, నేను. ఎంతో ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే వినేవాళ్ళు లేరు కదా అని ఏడవలేదు.

మా ల్యాబులో ఒక అమ్మాయి ఉంది. కొత్తగా వచ్చింది. ఏది అడిగినా "చూడాలక్కా" అంటుంది, నిజంగానే చూస్తుంది. రోజంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టుకుని, అన్నం కూడా దాని పక్కనే పెట్టుకుని తింటుంది. ఈ పిల్లకి ఏం తెలుసులే అని నేను మూతి విరిచిన మాట నిజం. ఆ పిల్ల ఓ మధ్యాహ్నం రబ్బరు బూట్లు వేసుకుని, చేతిలో గాజు సీసాతో నా గదిలోకి వచ్చింది. చప్పుడుకి చెవులు మూసుకుంటూ అరిచింది.

"నీళ్ళక్కా! మీ కుంట నీళ్ళు చూశాను!"

"ఏముంది అందులో? మురికా?" నేనూ అరిచాను.

"లేదు. అదే చెబుదామని వచ్చా. ఏమీ లేదు!"

పంపు ఆపాను. ఆ నిశ్శబ్దంలో ఇద్దరి అరుపులూ ఎబ్బెట్టుగా అనిపించి, గొంతు తగ్గించాం.

"ఏమీ లేకపోతే మంచిదే కదా?" అన్నాను.

"కాదక్కా. మామూలుగా కుంట నీళ్ళ చుక్క చూస్తే నాచుతోపాటు ఇంకా చాలా ఉంటాయి. కదిలేవి, పాకేవి, చుక్కల్లా మెరిసేవి. మీ కుంటలో నాచు తప్ప ఒక్కటి కూడా లేదు. ఇంత చుక్కలో అది ఒక్కతే అలా తేలుతోంది. పాపం అనిపించింది, నిజంగా."

ఏదో అర్థమవుతున్నట్టే ఉంది, అర్థం చేసుకోవాలని లేదు. "తోడు లేకపోతే పెరగదా ఏమిటి నాచు?" అన్నాను వెటకారంగా.

"పెరగదక్కా," అంది ఆ పిల్ల, నా వెటకారం అసలు అంటకుండా. "మన నాచుకి ఒక విటమిన్ కావాలి. అది దానంతట అది తయారుచేసుకోలేదు. నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు చచ్చిన నాచుని తిని బతుకుతూ, ఆ విటమిన్ని నీళ్ళలోకి వదులుతాయి. దాంతో ఇది పెరుగుతుంది. కొత్త నీళ్ళ కుంటలకి ల్యాబులో మేమే కలిపి పంపిస్తాం. తిరుగు నీళ్ళలో ఎలాగూ ఉంటుంది కదా అని వాటికి కలపం. మీ బొగ్గు దాన్ని పీల్చేస్తోంది, మీ లైటు దాన్ని తయారుచేసేవాటిని చంపేస్తోంది."

"బొగ్గూ లైటూ మొదట్నుంచీ ఉన్నాయమ్మాయ్. అప్పుడు లేని రోగం ఇప్పుడెందుకొచ్చింది?"

"నేనూ అదే అనుకున్నా. ఒకసారి తిప్పితే ఎంతో కొంత మిగులుతుంది. మరి ఇప్పుడు ఎన్నిసార్లు తిప్పుతున్నారు?"

చెప్పాను.

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "ఎప్పట్నుంచి?"

"మా అక్క వెళ్ళినప్పట్నుంచి," అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చాకగానీ నాకే తెలియలేదు.

"ఏ అక్క?" అంది. ఆ పిల్లకి నేనే అక్కని, నాకో అక్క ఉండటం వింతగా తోచి ఉంటుంది. తల కొట్టేసినట్టయింది. కుంటని చంపింది పాత నీళ్ళు కాదు, పేరుకున్న చెడు కాదు, నేను. పగలు ఇక్కడ చేసిందే, సాయంత్రం ఇంట్లోనూ చేశాను. రెండు చోట్లా మరక లేకుండా తోమి, ఎందుకు పలచబడిందో తెలియక మళ్ళీ తోమాను.

"విటమిన్ కలిపేస్తే సరిపోదా?" అని అడిగాను కాసేపటికి.

"సరిపోతుంది. కానీ అదీ కొని పోయాల్సొస్తే ఇక తిరుగు నీళ్ళెందుకు, మూసేద్దాం అంటారు సార్. గుడ్డ సంచిలోంచి వచ్చిన నీళ్ళని బొగ్గులోకి పోనివ్వకుండా తిన్నగా కుంటలోకి వదిలి చూద్దామా?" అని, మళ్ళీ తనే భయపడింది. "కాకపోతే, సంచి ఎక్కడైనా పిగిలి, నాచుని మేసే పురుగు ఒక్కటి లోపలికి పోయిందంటే, కోత దాకా ఆగక్కర్లేదు. వెనక బొగ్గూ లైటూ ఉండవు కదా, ఆపేది ఆ గుడ్డ ఒక్కటే."

ఆ పిల్ల వెళ్ళాక సంచులన్నీ విప్పి వెలుతురుకి పెట్టి చూశాను. కంపెనీవాళ్ళు ఇచ్చే సంచులు కుట్ల దగ్గర తొందరగా పిగులుతాయి. అటక మీద వెతికితే పాత సంచులు రెండు దొరికాయి. ఎప్పుడో నేను ఇంటికి తీసుకెళ్తే అక్క మళ్ళీ కుట్టి ఇచ్చినవి. దగ్గరదగ్గరగా రెండు వరసల కుట్టు, చివర్లో మూడు ముళ్ళు. "నీ నీళ్ళు పోతాయేమో గానీ నా కుట్టు పోదే," అంది అప్పుడు. ఇంట్లోంచి అన్నీ పంపించేశాననుకున్నాను, ఇవి ఇక్కడ మిగిలిపోయాయి. ఆ కుట్ల మీద వేలు పోనిచ్చాను. నాకున్న గంపెడాశా ఆ దారం మీదే పెట్టి, సంచులు బిగించి, బొగ్గు ట్యాంకు వాల్వు మూసి, లైటు ఆర్పేశాను. పసుప్పచ్చగా, వాసన వేస్తున్న నీళ్ళు నా చేతులతో కుంటలోకి వదిలాను. ఇన్నేళ్ళ పనిలో నేను చేసిన అతి అపరిశుభ్రమైన పని అది.

ఇక చేయడానికేమీ లేదు. అదే కష్టం. చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు రాదు. కుంట గట్టున కూర్చుని నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయేదాన్ని. మొదట్లో ఏ మార్పూ లేదు. ఇంకాస్త వెలిసినట్టు కూడా అనిపించింది. ఇంటికి వెళితే సున్నం మనిషి గుమ్మం ముందు బకెట్టుతో నిలబడి ఉన్నాడు.

"ఏ గోడమ్మా?" అన్నాడు.

చూపించాను. ఆయన మరక మీద అరచెయ్యి పెట్టి చూసి, "నూనె. సున్నం నిలవదు. ముందు గీకెయ్యాలి," అని జేబులోంచి రేకు ముక్క తీశాడు.

"వద్దులెండి," అన్నాను.

"గీకకపోతే మళ్ళీ పైకి తేలుతుందమ్మా."

"తేలనివ్వండి. అసలు వద్దు. మీరు వెళ్ళండి."

ఆయన నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, దారి ఖర్చులు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. మంచం మీద కూర్చుని ఆ మరక మీద నా తల ఆనించాను. నాకంటే అక్క పొడుగు. నా తల మరక కిందకి వచ్చింది. అలాగే కూర్చుండిపోయాను.

తర్వాత ఒక పొద్దున్న గేటు దాటుతుండగానే కుంట మీద ఎండ వేరుగా పడుతున్నట్టు కనిపించింది. పరుగెత్తడం మానేసి చాలా ఏళ్ళయింది, అయినా పరుగెత్తాను. అడుగున ప్లాస్టిక్కు కనిపించడం లేదు. చెయ్యి మణికట్టు దాకా ముంచితే వేళ్ళు కనిపించలేదు. ల్యాబు అమ్మాయి అప్పటికే గట్టున కూర్చుని ఉంది, బూట్లు విప్పేసి, సీసాలో చుక్క పట్టుకుని.

"వచ్చేశాయక్కా," అంది. "అందరూ వచ్చేశారు లోపలికి. కిటకిటలాడుతోంది."

కోతనాడు మేనేజరుగారు స్వయంగా కోత గదికి వెళ్ళారు. నన్ను రమ్మంటే వెళ్ళలేదు, నా గదిలోనే ఫోను పక్కన నిలబడ్డాను. నిలబడ్డంతసేపూ ఆ గదిలో ప్రతి వాల్వునీ ఒకసారి తాకాను, ఇవాళే చివరిరోజైతే గుర్తుండాలని. ఫోను మోగింది.

"ఒసే నీళ్ళక్కా," అన్నాడు మీగడ బాబాయ్. కావాలని ఆపాడు. ఆయనకి ఇలాంటివి సరదా.

"చెప్పి చావు బాబాయ్!"

"నీ కుంట ముద్ద, పక్క కుంట ముద్ద, రెండూ పక్కపక్కన పెట్టాం. సరితూగింది. నీదే ఒక పిసరు ఎక్కువ. ఆ పిసరు నా చేతి చలవే అనుకో."

ఫోను పట్టుకుని అలాగే గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చున్నాను.

మేనేజరుగారు వచ్చి చుట్టూ చూసి, "నీళ్ళ గది ఉంటుంది. కానీ ఆ బొగ్గు ట్యాంకు జోలికి మాత్రం వెళ్ళకు, ఎప్పుడైనా రంగు మరీ ముదిరితే తప్ప," అన్నారు. "ఇదంతా అవసరం లేదని నీకు ముందే తెలియలేదా?" అని కూడా అన్నారు. తెలియలేదన్నాను. ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. ల్యాబు అమ్మాయి వాళ్ళమ్మకి ఫోనులో "అమ్మా, మా కుంట బతికింది" అని అరుస్తూ గేటు దాటింది. మీగడ బాబాయ్ మిషను కడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎదురొచ్చిన మనవడి సైకిలు వెనక కూర్చుని వెళ్ళాడు. అందరూ వాళ్ళవాళ్ళ దగ్గరికి ఆ కబురు మోసుకుపోయారు.

నేనూ బయల్దేరాను. చెప్పులు రోడ్డు మీద చప్పుడు చేస్తున్నాయి. ఇంత మంచి కబురు నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు. గది నిలబడింది, నేను నిలబడ్డాను. నేనే చంపుకుని, నేనే బతికించుకున్నాను. ఇది చెబితే ఎవరైనా నవ్వాలి, "నీ మొహం, అంతలా ఎవరు తోమమన్నారే నిన్ను?" అనాలి. దారం కొరుకుతూ "ఊఁ" అనాలి. నోటి దాకా వచ్చిన మాటలన్నీ అలాగే ఆగి ఉన్నాయి, దించుకునే చోటు లేదు. చెడ్డ కబురు ఒక్కదాన్నే మోయగలను, ఎన్నో మోశాను. మంచిది మోయలేకపోయాను.

వెనకనుంచి బస్సు వచ్చింది. అలవాటుగా నెమ్మదించింది. అలవాటుగా నా పక్కకి వచ్చి తలుపు తెరుచుకుంది. ఆయన "ఎక్కండమ్మా" అనలేదు. ఇన్నాళ్ళకి విసుగొచ్చినట్టుంది, ముందుకి చూస్తూ కూర్చున్నాడు. తలుపు మాత్రం తెరిచే ఉంచాడు.

ఎక్కాను.

ఆయన తల తిప్పి చూశాడు. నేను ఆయన వెనక సీట్లో కూర్చున్నాను. సీటు అంచున అతుకు వేసి ఉంది, దగ్గరదగ్గరగా రెండు వరసల కుట్టు, చివర్లో మూడు ముళ్ళు.

బస్సు కదల్లేదు. వెనక ఎవరో "ఏంటి స్వామీ, పడుకున్నావా?" అని అరిచారు. ఆయన చెయ్యి గేరు మీదే ఉంది.

ఒక మాట అనబోతూ ముందుకి వంగాను. ఆ మాట నేను పుట్టాక ఎవర్నీ అనలేదు. అనడానికి నాకెవరూ లేరు.

"బావగారూ," అన్నాను. "అక్క ఇంట్లోనే ఉందా?"

ఆయన చొక్కా భుజానికి మొహం తుడుచుకున్నాడు. "ఉందమ్మా," అన్నాడు. "మీరు పంపిన పెట్టెలు ఇంకా విప్పలేదు. మా చెల్లి వచ్చి విప్పుతుందిలే అంటుంది."

బస్సు కదిలింది. మా వీధి వచ్చింది, మా ఇల్లు వచ్చింది. ఆయన ఆపి, అద్దంలోంచి నా వైపు చూశాడు.

నేను దిగలేదు.